తాతయ్యకు తెలిసిన కవి, మీకు తెలిసిన కవి

పిల్లలూ! ఈసారి సెలవు రోజున మీ ఇంట్లో ఒక పరీక్ష పెట్టి చూడండి. పరీక్ష అనగానే భయపడకండి. ఇది మీ ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీను! తాతయ్యా, అమ్మమ్మా, నాన్నా, అమ్మా, మీరూ తలా ఒక కాగితమూ పెన్సిలూ తీసుకుని కూర్చోండి. పుస్తకాలు చూడకూడదు, పక్కవారిని అడగకూడదు. ఎవరికి తెలిసిన తెలుగు కవుల పేర్లూ, రచయితల పేర్లూ వారు పది వ్రాయాలి. అందరూ వ్రాయటం అయినాక కాగితాలన్నీ పక్కపక్కనే పరిచి చూడండి.

నన్నయ, తిక్కన, పోతన, వేమన - ఈ పేర్లు ఇంచుమించు అన్ని కాగితాల మీదా కనిపిస్తాయి. తమాషా అంతా ఆ తరువాతనే ఉన్నది. తాతయ్య జాషువా గారి పేరూ, కరుణశ్రీ గారి పేరూ వ్రాసి ఉంటారు. అమ్మమ్మ యద్దనపూడి సులోచనారాణి గారి పేరు వ్రాసి, ఒకప్పుడు ఆవిడ సీరియల్ కోసం పత్రిక ఎప్పుడు వస్తుందా అని ఎలా ఎదురుచూసేదో చెప్పటం మొదలుపెడుతుంది. నాన్న శ్రీశ్రీ గారి పేరు వ్రాస్తే వ్రాయవచ్చు. మీ కాగితం మీద మాత్రం మీ తెలుగు వాచకంలో ఉన్న పేర్లే ఎక్కువగా ఉంటాయి.

అప్పుడు తాతయ్య, "ఏమిటీ! జాషువా గారు ఎవరో తెలియదా నీకు?" అని ఆశ్చర్యపోతారు. మీకేమో కాస్త సిగ్గు వేస్తుంది. కాని తొందరపడకండి. తాతయ్యను వారి తాతగారి సంగతి అడగండి. ఆయనకు ఏ కవులు తెలుసునో, వారిలో ఎంతమంది తాతయ్యకు తెలుసునో చెప్పమనండి. ఇప్పుడు తాతయ్య ఆలోచనలో పడతారు!

ఒకే ఇంట్లో, ఒకే భాష మాట్లాడుకునే వారిలో ఈ తేడా ఎందుకు వచ్చింది? కవులు మారిపోయారా? వారి పద్యాలు చెడిపోయాయా? అదేమీ కాదు. కవి పేరు మన దగ్గరకు నడిచి వచ్చే దారి మారింది. అంతే.

మీ తాతయ్యకు తాతగారి కాలంలో తిరుపతి వేంకట కవులు అనే జంటకవులు ఉండేవారు. ఒకరు దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు, రెండవవారు చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు. నూరుమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతూ ఉంటే, అందరికీ వరసగా పద్యాలు చెబుతూ, వాటినన్నిటినీ జ్ఞాపకం ఉంచుకుని తిరిగి అప్పగించే శతావధానాలు వారు ఎన్నో చేశారు. పాండవుల కథను నాటకాలుగా వ్రాశారు. ఆ నాటకాలు ఊరూరా ఆడేవారు. తెల్లవార్లూ హార్మోనియం మోగుతూ ఉండేది. అక్షరం ముక్క రానివారు కూడా ఆ పద్యాలు విని నేర్చుకుని, పొలం గట్టు మీద పాడుకునేవారు. అంటే, ఆ కవుల పేర్లు నాటకం దారిని వచ్చాయన్నమాట.

తరువాత గ్రామఫోనూ, రేడియో, సినిమా వచ్చాయి. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పద్యాలను ఘంటసాల గారు పాడారు. ఆ పుస్తకం ఎన్నడూ చూడనివారు కూడా ఆ పద్యాలు విన్నారు. వార, మాస పత్రికలు పెరిగినాక అమ్మమ్మకు ఆ దారిని నవలా రచయితల పేర్లు తెలిశాయి. ఇక బడి పుస్తకం దారి ఎప్పుడూ ఉండనే ఉన్నది. ఒక ఏడు వాచకంలో పాఠం ఉంటే, ఆ వయసు పిల్లలందరికీ ఆ కవి పేరు తెలుస్తుంది. వాచకం మార్చినప్పుడు ఆ పాఠం తీసివేస్తే, తరువాత వచ్చే పిల్లలకు ఆ పేరు తెలియనే తెలియదు.

దారి మారితే మారనీ, మనకు వచ్చిన నష్టమేమిటి అంటారా? నష్టం ఉన్నది. అది తెలియాలంటే మనం ఒకసారి తాటాకుల కాలానికి వెళ్లి రావాలి.

నన్నయ రాజమహేంద్రవరంలో మహాభారతాన్ని తెలుగు చేయటం మొదలుపెట్టి దాదాపు 1000 ఏళ్లు అయినది. తరానికి 25 ఏళ్ల చొప్పున లెక్క వేయండి. 40 తరాలు! మీ తరగతిలో 40 మంది పిల్లలు ఉన్నారనుకోండి. అందరూ బడి ఆవరణలో చేతులు పట్టుకుని ఒక వరసలో నిలబడండి. మొదటి పిల్లవాడు నన్నయ కాలం వాడు. చివర ఉన్నది మీరు. మొదటివాడి చేతికి ఒక పుస్తకం ఇస్తే అది చేతులు మారుతూ మీదాకా రావాలి. మధ్యలో ఒక్కడు ఏమరుపాటున జారవిడిచినా మీ చేతికి ఏమీ రాదు.

ఇది ఊరికే చెప్పిన పోలిక కాదు. నిజంగా జరిగినదే. ఆ రోజుల్లో కాగితమూ అచ్చూ లేవు. తాటాకులను ఎండబెట్టి, సరిసమానంగా కోసి, వాటి మీద గంటంతో అక్షరాలు గీసేవారు. గీసిన గీతలు కంటికి కనిపించవు కనుక, వాటికి మసి పట్టించి తుడిచేవారు. అప్పుడు మసి గీతల్లో నిలిచి అక్షరాలు నల్లగా కనిపించేవి. ఆకులకు చిల్లులు పొడిచి, దారం గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి కట్టేవారు. ఇంత శ్రమపడి తయారుచేసినా తాటాకు శాశ్వతం కాదు. పురుగు తొలుస్తుంది. తేమ తగిలితే కుళ్లుతుంది. మరీ ఎండితే పెళుసెక్కి విరిగిపోతుంది. బాగా కాపాడుకుంటే రెండు మూడు వందల ఏళ్లు ఉండవచ్చు. అశ్రద్ధ చేస్తే అంతకు ఎంతో ముందే పొడి అయిపోతుంది. అందుచేత ప్రతి పుస్తకాన్నీ కొన్ని తరాలకు ఒకసారి ఎవరో ఒకరు కూర్చుని, కొత్త ఆకుల మీద తిరిగి వ్రాయవలసి ఉండేది. ఆ కవి పేరు తెలిసి, ఆ కవిత్వం మీద ఇష్టం ఉన్నవారే గదా అంత శ్రమ పడతారు!

ఎవరూ తిరిగి వ్రాయకపోతే ఏమవుతుంది? శ్రీనాథుడి సంగతి చూడండి. ఆయన రాజుల చేత సన్మానాలు పొందిన మహాకవి. తాను చిన్న వయసులోనే 'మరుత్తరాట్చరిత్ర', 'శాలివాహన సప్తశతి' అనే పుస్తకాలు వ్రాసినట్టు ఆయనే తన 'కాశీఖండం'లో చెప్పుకున్నాడు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడా లేవు. వాటి పేర్లు మాత్రం మిగిలాయి. శ్రీకృష్ణదేవరాయలు తన 'ఆముక్తమాల్యద' మొదట్లో తాను సంస్కృతంలో రచించిన కావ్యాల పేర్లు చెప్పాడు. 'మదాలస చరిత్ర' మొదలయిన ఆ కావ్యాలు కూడా మనకు దొరకలేదు. అంతటి చక్రవర్తి పుస్తకాలకే ఈ గతి పట్టింది!

పోతన భాగవతానికి కూడా ఆపద వచ్చింది. అందులో కొన్ని భాగాలు శిథిలమయ్యాయట. అయితే అదృష్టవశాత్తూ వెంటనే పట్టించుకునేవారు ఉన్నారు. ఐదవ స్కంధాన్ని గంగన, ఆరవ దానిని సింగన, చివరి రెండు స్కంధాలను వెలిగందల నారయ వ్రాసి పూర్తిచేశారు. వరసలో ఒకడి చేయి వదులయితే పక్కవాడు గట్టిగా పట్టుకున్నాడన్నమాట.

ఇప్పుడు వేమన దగ్గరకు వద్దాం. వేమన పద్యం రాని తెలుగు పిల్లవాడు ఉండడు గదా! కాని రెండు వందల ఏళ్ల క్రితం సంగతి వేరు. జనం వేమన పద్యాలు నోటికి చెప్పుకునేవారు. పండితులు మాత్రం ఆయనను కవిగా లెక్కపెట్టేవారు కారు. పద్యాలు ఒక ఊళ్లో ఒక రకంగా, మరొక ఊళ్లో మరొక రకంగా ఉండేవి.

ఆ రోజుల్లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఉండేవాడు. ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1824లో వేమన పద్యాల సంగతి ఆయన దృష్టికి వచ్చింది. వెంటనే ఆ పద్యాలు వ్రాసి ఉన్న తాటాకు ప్రతులను అక్కడా ఇక్కడా సేకరించసాగాడు. ఒకదానితో ఒకటి పోల్చి, పద్యాలను ఏరి, ఇంగ్లీషులో అర్థం కూడా వ్రాసి, 1829లో 693 పద్యాలను అచ్చు వేయించాడు. తరువాత మరిన్ని పద్యాలు చేర్చి మరొకసారి అచ్చు వేయించాడు. కడపలో ఒక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఇతర కావ్యాలను కూడా అలాగే పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉన్నది.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వేమనను నిలిపినవారు ఒక్క బ్రౌన్ దొర మాత్రమే కాదు. పద్యాలను నోట నిలుపుకున్న రైతులూ, అమ్మలూ, వీధిబడి పిల్లలూ లేకపోతే ఆయనకు పద్యాలు ఎక్కడ దొరికేవి? నోరూ తాటాకూ అచ్చుపుస్తకమూ మూడూ కలిస్తేనే వేమన మీ వాచకంలోకి వచ్చాడు.

అన్నమయ్య కథ ఇంకా వింతగా ఉంటుంది. తాళ్లపాక అన్నమాచార్యుడు 1408లో కడప సీమలో పుట్టి, 1503 దాకా జీవించాడు. తిరుమల వేంకటేశ్వరస్వామి మీద ఆయన 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. ఆయన కుటుంబం వారు ఆ పాటలను తాటాకులకే వదిలిపెట్టలేదు. రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో ఒక చిన్న రాతి గదిలో భద్రపరిచారు. మనుమడు చిన్నన్న తాతగారి జీవితకథను కావ్యంగా వ్రాశాడు. చూశారా, తాతను మరిచిపోని మనుమడు!

ఇంత జాగ్రత్తగా దాచినా, రానురాను ఆ గదిలో ఏమి ఉన్నదో పట్టించుకునేవారు లేకపోయారు. కొన్ని వందల ఏళ్లు గడిచాయి. 1900లో పిల్లవాడుగా ఉన్నవాడిని "అన్నమయ్య పాటలు నీకు ఎన్ని వచ్చు?" అని అడిగి ఉంటే, "అన్నమయ్య ఎవరు?" అని అడిగి ఉండేవాడేమో! 1922 ప్రాంతంలో ఆ రాగిరేకులు బయటపడ్డాయి. రెండువేలకు పైగా రేకులు! వేటూరి ప్రభాకర శాస్త్రి గారు మొదలయిన పండితులు కష్టపడి వాటిని చదివి, పాటలను అచ్చుకు సిద్ధం చేశారు. 32,000లో సగం కూడా దొరకలేదు. అయినా వేలకొద్దీ పాటలు దక్కాయి.

అయితే ఒక చిక్కు వచ్చింది. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉన్నది గాని, ఆ పాటను ఎలా పాడాలో వ్రాసి లేదు. అన్నమయ్య కాలంలో ఆ వరస పాడేవారి నోట ఉండేది. గురువు పాడగా శిష్యుడు విని నేర్చుకునేవాడు. ఆ వరసలో ఎక్కడో ఒకరి తరువాత ఒకరు పాడటం ఆగిపోయింది. దానితో పాట మాటలు రాగి మీద మిగిలాయి, పాడే తీరు మాత్రం పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారూ, ఆ తరువాత మరికొందరు సంగీత విద్వాంసులూ కొత్తగా వరసలు కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు అన్నమయ్య పాటల ప్రచారం కోసమే ఒక సంస్థను ఏర్పాటు చేశారు. 1997లో ఆయన కథతో సినిమా వచ్చింది. ఇప్పుడు సంగీతం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట నేర్చుకునే పాటల్లో అన్నమయ్యవి ఉంటున్నాయి. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కూడా పాడుతున్నారు.

కనుక తాతయ్య మిమ్మల్ని చూసి, "ఈ కాలపు పిల్లలకు ఏమీ తెలియదు!" అన్నారనుకోండి. కోపం తెచ్చుకోకుండా ఈ కథ చెప్పండి. తాతయ్యకు తాతగారికి తెలియని కవి మీకు తెలుసు!

పెద్దలకు కూడా ఇక్కడ ఒక మాట. తెలియకపోవటం పిల్లల తప్పు కాదు. చెప్పినవారు లేకపోతే ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది? పక్క ఊరి కవి సంగతి కూడా తెలియకుండా ఉండవచ్చు. వెనక తెలంగాణా నిజాం పాలనలో ఉన్న రోజుల్లో, అక్కడ తెలుగు కవులు లేరు పొమ్మని ఒకాయన వ్రాశాడు. హైదరాబాదులో 'గోలకొండ' పత్రికను నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారికి ఇది బాధ కలిగించింది. ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరి కవుల వివరాలూ పద్యాలూ సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో ఎంతమంది కవులు ఉన్నారనుకున్నారు? 354 మంది! అంతమందీ ఉంటూనే ఉన్నారు. వారి పేర్లను ఒకచోట చేర్చి వ్రాసినవారు అంతవరకూ లేరు, అంతే.

ఇక, పేరే మిగలని కవులు కూడా ఉన్నారు. మీ అమ్మమ్మ పాడే జోలపాటనో, నాట్ల పాటనో, దంపుళ్ల పాటనో ఎవరు కట్టారో అడగండి. "మా అమ్మ పాడేది" అంటుంది. ఆ అమ్మకు వాళ్ల అమ్మ నేర్పింది. ఎవరో ఒక తల్లి దాన్ని మొదట కట్టి ఉంటుంది. ఆమె పేరు ఏ తాటాకు మీదా లేదు. పాట మాత్రం నోటి నుంచి నోటికి ఇక్కడిదాకా వచ్చింది. మీరు నేర్చుకోకపోతే అది మీ ఇంట్లో మీ అమ్మమ్మతోనే ఆగిపోతుంది.

ఇప్పుడు పుస్తకాలు అచ్చులో ఉన్నాయి, యంత్రాల్లో దాచిపెడుతున్నారు, ఇక ఏదీ పోదు గదా అని మీకు అనిపించవచ్చు. కాని అన్నమయ్య రాగిరేకులను జ్ఞాపకం తెచ్చుకోండి. రాగి చెడిపోలేదు. అక్షరాలు చెరిగిపోలేదు. అయినా ఆ పాటలు కొన్ని వందల ఏళ్లు మూగగా పడి ఉన్నాయి. దాచటం ఒక పని. తీసి చదవటం, మరొకరికి చెప్పటం మరొక పని. మొదటిది గదులూ యంత్రాలూ చేయగలవు. రెండవది మనుషులే చేయాలి.

అందుచేత మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. పెద్ద కష్టమేమీ లేదు. ఒక నోటుపుస్తకం తీసుకుని, అట్ట మీద 'మా ఇంటి కవులు' అని వ్రాయండి. ప్రతి పేజీలోనూ నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో కవి పేరు. రెండవ దానిలో, ఆ పేరు మీ ఇంట్లో ఎవరికి తెలుసో. మూడవ దానిలో, వారికి ఎలా తెలిసిందో - బడిలోనా, నాటకంలోనా, రేడియోలోనా, ఎవరయినా చదివి వినిపించారా? నాలుగవ దానిలో, వారికి జ్ఞాపకం ఉన్న పద్యమో, పాటో, కథో. వారు చెప్పింది చెప్పినట్టు వ్రాసుకోండి. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే అక్కడ ఖాళీ వదలండి. తరువాత గ్రంథాలయానికి వెళ్లి, ఆ పుస్తకం అడిగి, ఆ ఖాళీ పూర్తిచేసి తెచ్చి తాతయ్యకు చూపించండి. అప్పుడు ఆయన ముఖం చూడాలి!

అంతటితో అయిపోలేదు. తాతయ్య చెప్పిన ప్రతి పేరుకూ బదులు, మీకు తెలిసిన పేరు ఒకటి ఆయనకు చెప్పండి. మీకు నచ్చిన కథ చదివి వినిపించండి. ఆయనకు కళ్లజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు కనిపించకపోవచ్చు. మీకు కనిపిస్తాయి గదా!

రేపు చేద్దాములే అని మాత్రం అనుకోకండి. తాటాకుకు వయసు ఉన్నట్టే జ్ఞాపకానికీ వయసు ఉన్నది. తాతయ్యకు ఈనాడు నూరు పద్యాలు వచ్చి ఉండవచ్చు. వచ్చే ఏటికి అందులో పది మరిచిపోవచ్చు. 40 మంది వరసలో చివర నిలబడ్డది మీరేనని ఇందాక చెప్పాను. అది ఈనాటి మాట. మీ పక్కన 41వ పిల్లవాడు వచ్చి నిలబడి చేయి చాచే రోజు వస్తుంది. అప్పుడు వాడి చేతిలో పెట్టటానికి మీ దగ్గర ఏదయినా ఉండాలి గదా. ఈ సాయంత్రమే తాతయ్య పక్కన కూర్చుని మొదటి పేరు వ్రాసుకోండి.